వెనక్కి పెట్టిన బండి

రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రోడ్డు అంచుల్లో ఎర్రమన్ను మేట వేసింది. చెట్ల మీంచి ఇంకా చినుకులు రాలుతూనే ఉన్నాయి. ఎర్ర ఇటుకల రైల్వే క్వార్టరు ముందు, జామచెట్టు పక్కన, తెల్ల అంబాసిడర్ ముక్కు రోడ్డు వైపూ వీపు గోడ వైపూ పెట్టుకుని నిలబడి ఉంది. బోనెట్ ఎత్తి ఉంది. డ్రైవర్ సీట్లో కూర్చున్నది మీరే. తాళం పెట్టి ఉంది గాని తిప్పడానికి ఇంకా ఉత్తర్వు రాలేదు.

“నాను సెప్పేదాకా ఏటీ ముట్టుకోకు అల్లుడూ,” అంటున్నాడు మావయ్య బోనెట్ అవతల నుంచి. ఆయన మొహం కనబడటం లేదు. బోనెట్‌కీ అద్దానికీ మధ్య సందులోంచి రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక చేతిలో మల్టీమీటరు, ఇంకో చేతిలో దాని తీగలు. వేలికి ఉంగరం లేదు, మణికట్టుకి గడియారం లేదు. బ్యాటరీ దగ్గరికి వెళ్ళే ముందు ఆ రెండూ తీసి లుంగీ మడతలో దోపుకున్నాడు. పానాకీ ఉంగరానికీ మధ్య బ్యాటరీ దొరికిందంటే వేలు కాలి ఊరుకోదు, ఉంగరమే ఎర్రగా మెరుస్తుంది.

గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో మీ చేత మరోసారి కదిలించి చూపించుకున్నాడు. హ్యాండ్‌బ్రేకు లాగించాడు. హెడ్‌లైట్లు వెయ్యమన్నాడు. మనవడిని బండి ముందు, గేటు దగ్గర నిలబెట్టి, “లైట్లకేసి సూస్తూ ఉండు. ఎలుగు తగ్గితే అరూ, తగ్గకపోతే ఊరుకో,” అన్నాడు.

“ఇప్పుడు తిప్పు.”

తిప్పారు. డాష్‌బోర్డు అవతల ఎక్కడో ‘టిక్’ మంది. అంతే. సెల్ఫ్ మోటారు తిరగలేదు, ఇంజిన్ కదల్లేదు. మనవడు అరవలేదు.

మామూలుగా ఎవరైనా నొచ్చుకునే క్షణం ఇది. మావయ్య మాత్రం బోనెట్ పక్క నుంచి తొంగి చూసి నవ్వుతున్నాడు. “దొరికింది దొంగ! తాళం వెనక్కి తిప్పీ. బండిని కదపొద్దు. తలుపు కూడా గట్టిగా ఎయ్యొద్దు.”

ఎందుకంత సంబరమో తెలియాలంటే ఈ బండి చరిత్ర కొంచెం తెలియాలి. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, మార్క్ 4. ఇక్కడికి దూరం కాని ఉత్తర్‌పారాలో, హుగ్లీ ఒడ్డున తయారైంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులోంచి 1950ల చివర్లో మొదలైన ఆ కారు, పేరు పక్కన అంకెలు మార్చుకుంటూ 2014 మే నెలలో అక్కడ పని ఆగిపోయేదాకా వస్తూనే ఉంది. మావయ్య రిటైరైన డబ్బుల్లోంచి కొంత తీసి, సెకండ్ హ్యాండులో దీన్ని కొన్నాడు. క్వార్టరు ఇప్పుడు బావ పేరున ఉంది, బావ కూడా రైల్వేయే. రిటైరైనవాడికి క్వార్టరు ఉండదు, కొడుక్కి ఉద్యోగం ఉంటే తండ్రికి మళ్ళీ అదే వీధి దక్కుతుంది. ఈ ఊళ్ళో తెలుగిళ్ళు చాలావరకు ఇలాగే తరం మీద తరం అవే చెట్ల కింద గడిపేశాయి.

బండికి వచ్చిన జబ్బేమిటంటే, కొన్ని రోజులు అసలేమీ ఉండదు. తాళం తిప్పితే చాలు, అందుకుంటుంది. ఉన్నట్టుండి ఒక పొద్దున్న ‘టిక్’ అని ఊరుకుంటుంది. నాలుగు తిట్లు తిట్టి, ఇద్దరు తోస్తే మళ్ళీ మామూలే. మొదట బ్యాటరీ అన్నారు. కొత్త బ్యాటరీ వేశారు, వెంటనే స్టార్టయింది. బ్యాటరీ వేసినవాడికి పేరొచ్చింది. కొన్నాళ్ళకి మళ్ళీ టిక్. సెల్ఫ్‌కి కరెంటు కలిపే సోలినాయిడ్ అన్నారు. మార్చారు, స్టార్టయింది. తర్వాత సెల్ఫ్ విప్పి కార్బన్ బ్రష్‌లూ బుష్‌లూ కొత్తవి వేయించారు, బెండిక్స్ కడిగించారు. అప్పుడూ స్టార్టయింది. ఈలోగా అత్తయ్య బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. అప్పుడైతే అందరికన్నా ఎక్కువ రోజులు బాగా నడిచింది.

తనంతట తనే తగ్గిపోయే జబ్బుకి ప్రతివాడూ వైద్యుడే. ఆ పూట ఎవడి చెయ్యి దాని మీదుంటే వాడిదే మందు. వస్తూ పోతూ ఉండే లోపాన్ని సామాన్లు మార్చి పట్టుకోబోతే డబ్బులు పోవడం ఒక్కటే నష్టం కాదు, అసలు సంగతి ఇంకా లోతుకి వెళ్ళి దాక్కుంటుంది. కొత్త సామాను వేసిన చోట ఇక అనుమానం పెట్టుకోం కదా.

గోడ మీంచి పక్కింటి బెంగాలీ పెద్దాయన తల కనిపించింది. “కీ హోలో దాదా, ధక్కా దేబో?”

“నా నా దాదా, ఎఖోన్ నా!” అని మావయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తోస్తానన్నవాణ్ణి అంత కంగారుగా వద్దనడం ఆ పెద్దాయనకి వింతగానే తోచి ఉంటుంది. టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

బంపరు మధ్యలో హ్యాండిల్ దూర్చే కన్నం ఉంది, డిక్కీలో హ్యాండిల్ కూడా ఉంది. మీరు దాని మాట ఎత్తారు. అది తిప్పితే స్టార్టవుతుందని మావయ్యకీ తెలుసు, అందుకే వద్దంటున్నాడు. స్టార్టు కాకపోవడంలో రెండు జాతులున్నాయి. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఇది ఒక జాతి. అప్పుడు చూడాల్సింది నిప్పూ పెట్రోలూ. డెల్కో (డిస్ట్రిబ్యూటరు) మూత కింద చెమ్మ చేరిందా, పాయింట్లు కాలి నల్లబడ్డాయా, కండెన్సరు పోయిందా, వేడెక్కాక కాయిల్ నీరసిస్తోందా అని వెతకాలి. ఎండాకాలం కోల్‌కతా ట్రాఫిక్‌లో నిలిచిపోయిన అంబాసిడర్ల పెట్రోలు పంపు మీద డ్రైవర్లు తడిగుడ్డ వేసేవారు. పైపులో పెట్రోలు ఆవిరై గాలి అడ్డు పడేది, గుడ్డ చల్లదనానికి మళ్ళీ దిగేది. ఆ జాతి జబ్బులు ఈ బండికి రాలేదని కావు. వానాకాలంలో డెల్కో మూత తుడవని అంబాసిడర్ ఓనరు బెంగాల్లో ఉండడు.

కాని ఈ పొద్దుటిది రెండో జాతి. సెల్ఫే తిరగడం లేదు. తోస్తే, హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ వెంటనే అందుకుంటుంది. అంటే నిప్పుకీ పెట్రోలుకీ ఇందులో పాత్ర లేదు. వెతకాల్సిన చోటు ఒక్కసారిగా చిన్నదైపోయింది. బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా వెళ్ళే దారి, సెల్ఫ్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారి, మధ్యలో సోలినాయిడూ సెల్ఫూ.

ఇక హెడ్‌లైట్లు. తాళం తిప్పగానే వెలుగు సన్నగిల్లితే బ్యాటరీ నీరసపడిందనో, దాని టెర్మినల్ వదులైందనో, లేదా సెల్ఫ్ ఎక్కడో బిగుసుకుపోయి కరెంటంతా తాగేస్తోందనో అనుకోవచ్చు. ఇక్కడ వెలుగు తగ్గలేదు. బ్యాటరీ దగ్గర కావలసినంత ఉంది, పట్టుకెళ్ళేవాడే లేడు. సోలినాయిడ్ మాత్రం తన పని తను చేస్తున్నట్టు టిక్ మంటోంది.

మావయ్య ఈ పద్ధతి కార్ల దగ్గర నేర్చుకోలేదు. ఆయనది సిగ్నల్ డిపార్టుమెంటు. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేదాకా ప్రపంచంలో అదే పొడవైనదని చెప్పుకునేవారు. దాని మీద నడిచే జనం పట్టాల్లో కరెంటు పారుతుందని అనుకోరు. పారుతుంది. పట్టాల్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి ఒక చివర కొద్ది వోల్టులు ఇస్తారు, రెండో చివర రిలే పెడతారు. రైలు వస్తే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, రిలేకి కరెంటు అందదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. అదే ట్రాక్ సర్క్యూట్. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ కనిపెట్టాడు. 2017 చివర్లో ఖరగ్‌పూర్‌కి 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చినా, పట్టాల మీద రైలుందా లేదా అని పసిగట్టాల్సిన అవసరం పోదు.

పట్టాకీ పట్టాకీ అతుకు దగ్గర తీగలు వేసి కలుపుతారు. బాండ్ అంటారు వాటిని. అందులో ఒకటి తుప్పు పట్టి తెగీ తెగకుండా ఉందనుకోండి. రైలు లేకపోయినా సిగ్నల్ ఎర్రబడుతుంది. మనిషి సైకిలేసుకుని అక్కడికి చేరేలోపు ఏ బండో పక్క లైన్లో వెళ్ళి నేల అదిరి, తీగ మళ్ళీ అతుక్కుని, సిగ్నల్ సరిగా ఉంటుంది. అర్ధరాత్రి వానలో అలా వెళ్ళి, ఏమీ దొరక్క తిరిగొచ్చిన అనుభవం ఆయనకి బోలెడు. అక్కడే వచ్చింది ఈ అలవాటు. లోపం కనబడుతున్నంతసేపు దాన్ని ముట్టుకోకూడదు, కొలవాలి. కదిపితే బాగైపోతుంది. బాగైపోతే రేపు మళ్ళీ రావాలి.

“మిస్త్రీ ఏటి సేసేవోడు? రాగానే టెర్మినల్ పట్టుకుని ఊపీసేవోడు. బండి స్టార్టయిపోయేది. డబ్బులు తీసుకుని ఎల్లిపోయేవోడు. ఆడి తప్పు కాదు, ఆడికి బండి స్టార్టవ్వాల. నాకు కాకుండా ఉండాల.”

ఆయన మాటలో శ్రీకాకుళం ఇంకా తడి ఆరలేదు. పుట్టింది మాత్రం ఇక్కడే. 19వ శతాబ్దం చివరి ఏళ్ళలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఎర్రనేల మీద జంక్షన్ కట్టి, పక్కనే వర్క్‌షాపు పెట్టింది. ఆ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం రైలెక్కి వస్తూనే ఉన్నారు. 1955లో రైల్వే పేరు సౌత్ ఈస్టర్న్‌గా మారినా క్వార్టర్లలో మాట మారలేదు. తెలుగు బళ్ళు వచ్చాయి, మాతా పూజలు వచ్చాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. ఇంట్లో తెలుగు, గోడ మీంచి బెంగాలీ, మిస్త్రీతో హిందీ, బోనెట్ కింద మాత్రం సెల్ఫ్, డెల్కో, పాయింట్, ఎర్త్. అక్కడ అందరిదీ ఒకే భాష.

ఇంతకీ ఈ పొద్దున్న బండి మొరాయిస్తుందని ఆయనకి ముందే ఎలా తెలుసు? మీటరు చేతిలో పట్టుకుని, మనవణ్ణి గేటు దగ్గర నిలబెట్టుకుని కాచుకున్నాడంటే తెలుసనే కదా. పక్క సీట్లో ఒక పాత డైరీ ఉంది, చూడండి. స్కేలుతో గీసిన గళ్ళు. తేదీ, వాన ఉందా లేదా, ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏ శబ్దం వచ్చింది, లైట్లు తగ్గాయా, ఏం చేస్తే స్టార్టయింది. సిగ్నల్ ఫెయిల్యూర్ రిజిస్టరు నడిపిన చెయ్యి, కారుకీ అదే నడిపింది. కాని ఆ గళ్ళలోంచి ఏ తీరూ బయటపడలేదు. వానరోజు మొరాయించింది, ఎండరోజూ మొరాయించింది. చల్లగా ఉన్నప్పుడూ, గోల్‌బజారు నుంచి వేడిగా తిరిగొచ్చి పది నిమిషాలు ఆగినప్పుడూ అదే కథ.

చివరి గడి మాత్రం వేరే సిరాతో గీసి ఉంది. దాని మీద ‘ముందుకి / వెనక్కి’ అని రాసుంది. ఆ గడి అత్తయ్యది. వాకిట్లో ముగ్గేస్తూ రోజూ బండిని చూసే మనిషి ఆవిడే. ఒక రోజు చీపురు పట్టుకునే అంది: “ఎనక్కి పెట్టిన నాడే ఇది మొండికేస్తాది. ముందుకి పెట్టిన నాడు ఏ గొడవా లేదు.” మావయ్య మొదట నవ్వి ఊరుకున్నాడు. ఇంజిన్‌కి ఏ మొహం పెట్టుకు పడుకున్నామో ఎలా తెలుస్తుందన్నాడట. అయినా రిజిస్టరు మనిషి కదా, గడి గీశాడు. నెల తిరిగేసరికి ఆ గడి మాట్లాడింది. టిక్ అన్న రోజులన్నీ వెనక్కి పెట్టిన రోజులే. వెనక్కి పెట్టిన ప్రతి రోజూ టిక్ అనలేదు, కాని ముందుకి పెట్టిన రోజు ఒక్కసారి కూడా అనలేదు.

ఇంకో చిక్కుముడి కూడా దానితోనే విడిపోయింది. గరాజుకి తీసుకెళ్ళినప్పుడల్లా బండి ఎందుకు బుద్ధిగా ఉండేది? గరాజులోకి ఎప్పుడూ ముక్కు ముందుకి పెట్టి దూర్చేవారు. వైద్యుడి దగ్గర జ్వరం ఉండేది కాదు.

నిన్న సాయంత్రం అందుకే బావ చేత కావాలని రివర్సులో పెట్టించాడు. రాత్రి వాన కూడా కలిసొచ్చింది.

“రెండోసారి తిప్పు. నాను ఆపమనగానే ఆపీయాల,” అన్నాడు. మీటరు తీగలు బ్యాటరీ రెండు ముళ్ళ మీదా పెట్టాడు. టిక్. “పన్నెండు పాయింటు ఒకటి. ఆపు.” తాళం తిప్పకముందు 12.5 ఉంది. సెల్ఫ్ నిజంగా తిరిగితే ఒకటిన్నర, రెండు వోల్టులైనా పడాలి. పడలేదు. లైట్లు చెప్పిన సాక్ష్యమే మీటరూ చెప్పింది.

తర్వాత ఒక తీగ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది కిందకి వంగి సెల్ఫ్ మీదున్న బోల్టుకి తగిలించాడు. “తిప్పు.” టిక్. “జీరో పాయింటు రెండు. ఆపు.” వెళ్ళే దారిలో, కేబులూ సోలినాయిడూ అన్నీ కలిపి, పోతున్నది 0.2 వోల్టే. అంటే మార్చేసిన సోలినాయిడ్ పాపం ఏ తప్పూ చెయ్యలేదు, కొత్తదీ చెయ్యడం లేదు.

మూడోది. ఒక తీగ బ్యాటరీ మైనస్ ముల్లు మీద. బాడీ మీద కాదు, టెర్మినల్ మీదా కాదు, సరిగ్గా సీసం ముల్లు మీదే. రెండోది ఇంజిన్ బ్లాకు మీద గీకి మెరిపించిన చోట. ఇంజిన్ లోహమే, బాడీ లోహమే, బ్యాటరీ మైనస్ బాడీకి బిగించి ఉంది. ఆ రెండింటి మధ్యా తేడా సున్నాకి దగ్గరగా ఉండాలి, అర వోల్టు దాటితే అనుమానించాలి. “తిప్పు.”

టిక్.

“తొమ్మిది... తొమ్మిది పాయింటు ఆరు! ఆపు, ఆపు!”

ఆయన అరిచింది అంకె చూసి ఒక్కటే కాదు. మీకూ వాసన వచ్చింది, ప్లాస్టిక్ మాడుతున్న వాసన. డాష్‌బోర్డు కింద చోక్ పిడికి చెయ్యి తగిలించి చటుక్కున తీసేశారు. కాలుతోంది. కార్బరేటర్ దాకా వెళ్ళే ఆ సన్నని ఇనపతీగ తొడుగు మీంచి సన్నగా పొగ లేస్తోంది.

దొంగ దొరకడమే కాదు, దొంగ దారి కూడా దొరికింది. కరెంటు సెల్ఫ్‌లోకి వెళ్ళింది గాని తిరిగి రావడానికి దాని దారి మూసుకుపోయింది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు కరెంటుని పోనివ్వదు. కనక ఇంజిన్ నుంచి బాడీకి అల్లిన రాగితీగల పట్టీ ఒకటి వేస్తారు. బాడీ ఎర్త్ అంటే అదే. అది పని చెయ్యకపోతే కరెంటు ఇంకే లోహం దొరికితే దాన్ని పట్టుకుని ఇంటికొస్తుంది. ఇక్కడ దొరికింది చోక్ తీగ. సెల్ఫ్ కోసం వందల ఆంపియర్లు మొయ్యాల్సిన దారి ఒకటి ఉంటే, చోక్ పిడిని లాగడానికి మాత్రమే పుట్టిన తీగ ఆ బరువుని నెత్తికెత్తుకుని మాడిపోతోంది.

మావయ్య వేళ్ళ మీద లెక్క కట్టాడు. 0.2, 9.6. 12.1లోంచి ఈ రెండూ పోతే సెల్ఫ్‌కి మిగిలింది 2.3 వోల్టులు. ఆ కాస్త దానికి ఎక్కడ తిరుగుతుంది?

మీకొక సందేహం రావాలి, వచ్చింది కూడా. ఇదివరకు వచ్చిన మిస్త్రీల్లో ఒకరు టెస్ట్ ల్యాంపు పెట్టి ఎర్త్ చూశారు. ల్యాంపు చక్కగా వెలిగింది. మరి అప్పుడు ఎర్త్ బాగున్నట్టే కదా? అక్కడే మోసం. పట్టీ పోగుల్లో చాలా తెగి, ఆ అతుకు దగ్గర ఒక ఓములో వందో వంతు, రెండు వందో వంతులు అడ్డు వచ్చిందనుకోండి. చిన్న బల్బు తీసుకునేది అర ఆంపియరు. దానికి ఆ అడ్డు ఒక లెక్కే కాదు, పూర్తి వెలుగు వెలుగుతుంది. సెల్ఫ్ అడిగేది 200 ఆంపియర్లు. 200ని 0.02తో హెచ్చిస్తే 4 వోల్టులు అక్కడే మాయం. బరువు పెట్టకుండా ఎర్త్‌ని పరీక్షించడం దండగ. ఏమీ మొయ్యనప్పుడు ప్రతి తీగా మంచిదే.

“ఇక ముట్టుకోవచ్చా?” అన్నారు మీరు. ఇంకా లేదట. రోగం పేరు తెలిసింది, రుజువు కావాలి.

బావ లోపల్నుంచి జంపర్ కేబుల్ తెచ్చాడు. మావయ్య ఒక కొస ఇంజిన్ బ్లాకుకి, ఇంకో కొస బ్యాటరీ మైనస్‌కి పట్టించాడు. పాత పట్టీని తాకలేదు. తిప్పారు. సెల్ఫ్ ఒక్క గుక్కలో ఇంజిన్‌ని లేపేసింది. పక్కింటి పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ఇంజిన్ ఆపి, జంపర్ తీసి మళ్ళీ తిప్పించాడు మావయ్య. టిక్ అనాలి. అనలేదు. స్టార్టయిపోయింది.

ఇంకెవరైనా అక్కడితో చేతులు కడుక్కుంటారు. ఆయన మొహం చిన్నబోయింది. ఇంజిన్ ఒకసారి నడిచేసరికి ఊగి, పట్టీ పోగులు మళ్ళీ ఎక్కడో కలిశాయి. జంపర్ వల్ల స్టార్టయిందో, దానంతట అదే అయిందో ఇప్పుడెవరు చెప్పగలరు? బావ చేత బండిని గేటు దాకా ముందుకి పోనిచ్చి, రివర్సులో మళ్ళీ గోడ దాకా తెప్పించాడు. స్టార్టయింది. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. వాకిట్లో ఎర్రమట్టి అంతా బురదైపోయింది, అత్తయ్య గుమ్మంలోంచి చూస్తోంది, ఏమీ అనడం లేదు. చివరికి టిక్. జంపర్ పెట్టగానే లేచింది. ఆ తతంగం అంతా ఇంకోసారి నడిపించి, ఇంకోసారి టిక్ అనిపించి, ఇంకోసారి జంపర్‌తో లేపాకే ఆయన పట్టీ విప్పడానికి పానా అడిగాడు. పానా పట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి పక్కన పెట్టాడు.

కిందకి దూరింది బావ. పైకి పంపిన పట్టీ చూడండి. పైకి బాగానే ఉంది. బోల్టు కన్నం దగ్గర, నల్ల టేపు చుట్టిన చోట, మావయ్య బ్లేడుతో కోసి విప్పాడు. లోపల రాగి లేదు, ఆకుపచ్చ పొడి ఉంది. పోగుల్లో ముప్పాతిక వంతు కొసన తెగి, ఊరికే ఆనుకుని ఉన్నాయి. బండి ముందుకి వెళ్ళేటప్పుడు ఇంజిన్ ఒక పక్కకి మెలి తిరుగుతుంది, రివర్సులో రెండో పక్కకి. రబ్బర్లు ముసలివి, మెలి పూర్తిగా విప్పుకోకుండానే ఆగిపోతుంది. ముందుకి వచ్చి ఆగితే తెగిన కొసలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. వెనక్కి వచ్చి ఆగితే విడిపోతాయి. అత్తయ్య చీపురు పట్టుకుని చెప్పింది ఇదే.

రెండో కొస కథ ఇంకా చిన్నది. ఎప్పుడో క్లచ్ పని చేసినప్పుడు ఎవరో పట్టీని తిరిగి బిగించారు, కాని రంగు వేసిన ఇనుము మీద. రంగు కింద లోహం తగిలింది బోల్టు మరలకి మాత్రమే.

బావ సైకిల్ మీద గోల్‌బజారు వెళ్ళి వెల్డింగ్ కేబుల్ ముక్కా, రెండు రాగి లగ్గులూ తెచ్చేసరికి ఎండ వచ్చేసింది. అంబాసిడర్ పట్టీయే కావాలని తిరిగితే సాయంత్రం అయ్యేది, దొరికేదీ తెలియదు. లావుపాటి వెల్డింగ్ కేబుల్‌లో సన్నని పోగులు వందలుంటాయి, ఊగే ఇంజిన్‌కి అది నయమే. మావయ్య రెండు చోట్లా రంగు గీకి, ఎమిరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. పళ్ళున్న వాషర్ వేసి బిగించి, పైన వాజలీన్ పూశాడు. వాజలీన్ బిగించాక పూయాలి, ముందు కాదు. మాడిన చోక్ తీగకి కొత్తది వచ్చేదాకా టేపు చుట్టాడు. చివరగా బ్యాటరీ మైనస్‌ని తిరిగి బిగించాడు.

“తిప్పు.” ఈసారి కాయిల్ తీగ ఊడదీసి ఉంది, ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ మాత్రం తిరగాలని. మైనస్ ముల్లుకీ బ్లాకుకీ మధ్య 0.1. బ్యాటరీ మీద చూస్తే 10.4. పొద్దున్న 12.1 నిలబెట్టిన బ్యాటరీ ఇప్పుడు 10.4కి దిగింది. మీరు అనుమానంగా చూస్తే ఆయన మురిసిపోతున్నాడు. “దిగాల! బరువెత్తినోడు వంగడేటి?” 9.6 కంటే కిందకి పోనంతవరకు భయం లేదట.

కాయిల్ తీగ పెట్టి స్టార్టు చేశారు. మనవడు ముందుకీ వెనక్కీ పెట్టించి ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. మావయ్య డైరీలో ఈ రోజు గడిలో పట్టీ మార్చినట్టు రాశాడు, మూడు కొలతలూ రాశాడు. ‘బాగైంది’ అన్న మాట మాత్రం రాయలేదు. శ్రావణం ఇంకా మిగిలి ఉంది, వెనక్కి పెట్టిన ఒక ముప్ఫై పొద్దులైనా గడవాలి అన్నాడు.

అత్తయ్య చీర మార్చుకుని, సంచీ పట్టుకుని గుమ్మం దిగింది. గేట్ బజారులో చేపలు అయిపోతాయని తొందర. మావయ్య వెనక తలుపు తీసి పట్టుకున్నాడు, మొహం వెలిగిపోతోంది. ఆవిడ బండినీ, బురదైన వాకిటినీ, ఆయన్నీ ఒకసారి చూసింది.

“ముప్ఫై రోజులు రాయాలన్నావు కదా, రాసుకో. నాను టోటోలో ఎల్తాను,” అని రోడ్డు మీద వెళ్తున్న బ్యాటరీ రిక్షాని చెయ్యెత్తి ఆపింది.